ఆదివారం పది గంటలకు

బ్యాంకులో ముప్పై మూడేళ్ళు పనిచేసి 2016లో రిటైరయ్యాను. ఆ నవంబరులో పెన్షన్ కోసం లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వవలసి వచ్చింది. నేను కూర్చున్న కౌంటరు ముందే, నేను పని నేర్పిన కుర్రాడి ఎదుటే నిలబడి, బతికే ఉన్నానని సంతకం చేసి ఇంటిదారి పట్టాను. తక్కిన పదకొండు నెలలూ ఆ మాట ఎవరూ అడగరు కదా అన్న ఆలోచన ఆ దారిలోనే వచ్చింది. ఇంట్లోవాళ్ళకు నేనంటే పట్టింపు లేదని కాదు. ఉదయం తొమ్మిదీ నలభైకి నేను కనబడకపోతే ఆగిపోయే పని ఒక్కటీ మిగల్లేదన్నది నా బాధ. మల్కాజిగిరిలో మా పార్కు చుట్టూ రోజూ ఆరు రౌండ్లు తిరిగే మిత్రులందరిదీ ఇదే బాధ. అందరం దాన్ని షుగరు గురించో బీపీ గురించో మాట్లాడుకుంటూ దాటవేస్తాం.

ఆ ఖాళీని పూడ్చుకోవడానికే నేను కేసుల్లో ఇరుక్కున్న పిల్లల దగ్గరికి వెళ్ళాను. అలా వెళ్ళడానికి అది మంచి కారణం కాదని ఇప్పుడు నా అభిప్రాయం. రిటైరైన తరువాత ఏదైనా సేవ చేసి జీవితానికి అర్థం వెతుక్కోవాలనుకునేవారు ఈ మధ్య నన్ను సలహా అడుగుతున్నారు కాబట్టి, ఈ అభిప్రాయం ఎలా ఏర్పడిందో కొంచెం వివరంగా రాస్తున్నాను.

పోలీసు కేసుల్లో ఇరుక్కుని బెయిలు మీద, లేదా ప్రొబేషన్ మీద, అంటే ఒక ఆఫీసరు కనిపెట్టి ఉండే షరతు మీద, బయటికి వచ్చిన మగపిల్లలకు పెద్దవాళ్ళ తోడు కల్పించే చిన్న బృందం ఒకటి సికింద్రాబాద్ దగ్గరి ఒక బస్తీలో ఉండేది. అక్కడ ఈ పని చేసేవారిని మెంటర్ అంటారు. తెలుగులో మార్గదర్శి అనవచ్చు కానీ, మనవాళ్ళకు ఆ మాట వినగానే ముందు చిట్టీలు గుర్తుకొస్తాయి, పైగా మార్గం నాకు తెలిసినట్టు కూడా ధ్వనిస్తుంది. ఆధార్ నకలు తీసుకున్నారు, పోలీస్ వెరిఫికేషన్ చేయించారు, నన్ను ఎరిగిన ఇద్దరికి ఫోన్ చేశారు. డబ్బు ఇవ్వకూడదు, బట్టలూ ఫోన్లూ కొనిపెట్టకూడదు, ఫోటో తీయకూడదు, తలుపు మూసిన గదిలో పిల్లవాడితో ఒంటరిగా కూర్చోకూడదు అని చెప్పారు. ప్రతి ఆదివారం పది గంటలకు కమ్యూనిటీ హాలుకు రావాలి. ఎన్నాళ్ళు వస్తారని అడిగితే, నాకేం పని, ఎన్నాళ్ళయినా వస్తానన్నాను. ఫారం నింపుతున్న బృందం అమ్మాయి నవ్వి, ఫారంలో ఒక ఏడాది అని రాసి సంతకం పెట్టమంది. ఖాతాదారులకు జీవితమంతా చదవకుండా సంతకం పెట్టకండని చెప్పిన మనిషిని, ఆ ఫారం చదవకుండానే సంతకం పెట్టాను.

ఈ పిల్లల గురించి బయట ఉన్న ఊహకూ నిజానికీ చాలా దూరం ఉంది. దేశం మొత్తం మీద ఏటా ముప్పై వేల పైచిలుకు కేసులు బాలల మీద నమోదవుతున్నాయి. పట్టుబడేవారిలో నాలుగింట మూడొంతుల మంది 16, 18 ఏళ్ళ మధ్యవారే. వీళ్ళంతా దిక్కులేని అనాథలని మనం అనుకుంటాం కానీ, ఎక్కువమంది తల్లిదండ్రులతోనే ఉంటున్నవారు. 2015 నాటి బాల న్యాయ చట్టం వీళ్ళను నేరస్తులు అనదు, చట్టంతో ఘర్షణ పడిన బాలలు అంటుంది. వీళ్ళ కేసు మామూలు కోర్టుకు వెళ్ళదు. ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చునే బోర్డు ముందుకు వస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. పిల్లవాడి ఇల్లూ బడీ సావాసం గురించి ప్రొబేషన్ ఆఫీసరు పదిహేను రోజుల్లో నివేదిక ఇవ్వాలి. శిక్ష పడినంత మాత్రాన అది అతని భవిష్యత్తుకు అనర్హత కారాదని 24వ సెక్షన్ చెబుతుంది, అతని గుర్తింపు బయటపెట్టకూడదని 74వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ఇక్కడ నేను చెప్పబోయే అబ్బాయికి పేరు లేదు, కొన్ని వివరాలు మార్చాను. చట్టం చాలా మంచిది. ఆ చట్టం చెప్పినంత తీరిక మాత్రం ఎవరికీ ఉండదు. ఒక్కో ఆఫీసరు చేతిలో పదుల కొద్దీ పిల్లలు ఉంటే ఎవరి ఇల్లు ఎవరిదో గుర్తుండడమే గొప్ప.

నాకు అప్పగించిన అబ్బాయికి అప్పుడు పదహారేళ్ళు. ఇద్దరు పెద్దవాళ్ళతో కలిసి మోటారు సైకిళ్ళు ఎత్తుకుపోయిన కేసు. మొదటి ఐదు ఆదివారాలు అతను గోడకేసి చూస్తూ కూర్చున్నాడు, నేను ఉపన్యాసాలు ఇచ్చాను. క్రమశిక్షణ గురించి, పొదుపు గురించి, మా ఊళ్ళో నేను వీధి దీపం కింద చదువుకున్న రోజుల గురించి చెప్పాను. ఇప్పుడు తలచుకుంటే సిగ్గు వేస్తుంది. వీధి దీపం మాట పూర్తిగా నిజం కూడా కాదు, పరీక్షల ముందు ఒక వారం కరెంటు లేదు, అంతే.

ఆరో ఆదివారం నా స్కూటర్ పుణ్యమా అని ఆ ఉపన్యాసాలు ఆగిపోయాయి. నాది పాత చేతక్. మీటింగ్ అయ్యాక హాలు బయట కిక్కు కొడుతున్నాను, పక్కకు వంచి కొడుతున్నాను, అది ఉలకదు పలకదు. అబ్బాయి మెట్ల మీద కూర్చుని కాసేపు చూశాడు. తరువాత లేచి వచ్చి, నన్నేమీ అడక్కుండానే డిక్కీ తెరిచి ప్లగ్ పానా తీశాడు, ఇంజను వైపు డొప్ప విప్పాడు, ప్లగ్ తీసి వెలుతురులో పెట్టి చూశాడు. మసితో నల్లగా ఉంది. దాన్ని సిమెంటు మెట్టు అంచు మీద నాలుగుసార్లు రాశాడు, చొక్కా కొసతో తుడిచాడు, మొనల మధ్య ఖాళీని గోటితో చూసుకున్నాడు.

"ఆయిల్ ఎంత పోపిస్తున్నరు సార్?"

"లీటరుకు నలభై."

"ఇరవై చాలు. గందుకే గంత పొగ."

ప్లగ్ బిగించి ఒకే ఒక్క కిక్కు కొట్టాడు. బండి స్టార్టయింది. ఆరు వారాల్లో అతను నాతో మాట్లాడిన మొదటి మాటలవి, అదీ నా తప్పు దిద్దుతూ. తాళంచెవి లేకుండా బండ్లు స్టార్ట్ చేసిన చెయ్యి కూడా అదేనని నాకు తెలుసు. అయినా ఆ చేతి పనితనం చూస్తున్నంతసేపు నాకు కేసు గుర్తుకు రాలేదు. మరుసటి ఆదివారం నుంచి నేను పాఠాలు మానేసి ప్రశ్నలు అడగడం మొదలుపెట్టాను. అతను పన్నెండేళ్ళ వయసు నుంచి ఒక మెకానిక్ షెడ్డులో పానాలు అందిస్తున్నాడనీ, బడి ఏడో తరగతిలో ఆగిందనీ, రాత్రిళ్ళు షెడ్డు వెనక మత్తు కోసం పంక్చర్ సొల్యూషన్ పీల్చే గుంపుతోనే ఆ ఇద్దరు పెద్దవాళ్ళు పరిచయమనీ తెలియడానికి ఇంకో రెండు నెలలు పట్టింది.

మెంటర్ అనేవాడు ఏం చేస్తాడని చాలామంది అడుగుతారు. జీవితాన్ని మలుపు తిప్పే మాటలేవో చెబుతాడని వాళ్ళ ఊహ. నేను చేసినదంతా గుమాస్తా పని. అతని ఆధార్‌లో పుట్టిన తేదీ ఒకటి, బడి రికార్డులో ఇంకొకటి ఉండేది. పదహారేళ్ళు దాటాడా లేదా అన్నది బోర్డు ముందు చిన్న విషయం కాదు. ఘోర నేరమని చట్టం పేర్కొన్న కేసైతే, పదహారు దాటినవాడిని పెద్దవాడిగా విచారించాలా వద్దా అన్న ప్రాథమిక అంచనా వేస్తారు. అతనిది అటువంటి కేసు కాకపోయినా, తప్పుడు తేదీ ప్రతి కాగితం దగ్గరా అడ్డుపడేది. బోనఫైడ్ కోసం పాత బడికి నాలుగుసార్లు వెళ్ళాం. హెడ్‌మాస్టరుగారు లేరు, రిజిస్టరు బీరువాలో ఉంది, బీరువా తాళం అటెండరు దగ్గర ఉంది, అటెండరు సెలవులో ఉన్నాడు. ఇటువంటి చోట్ల విసుక్కోకుండా మళ్ళీ రేపు రావడమొక్కటే తెలివి, అది బ్యాంకువాడికి బాగా తెలుసు. ఓపెన్ స్కూల్లో పదో తరగతికి ఫీజు కట్టించాం. బ్యాంకు ఖాతా తెరిపించినప్పుడు, వోచరు మీద సంతకం పెట్టడానికి అతను పావుగంట తీసుకున్నాడు. ముందు ఒక పాత కాగితం మీద పదిసార్లు పెట్టి చూసుకుని, వాటిలో ఒకటి ఎంచుకుని, ఇది నా సంతకం అన్నాడు.

నాకు ఆ రోజుల్లో హాయిగా ఉండేది. శనివారం రాత్రే రేపటి కాగితాలు సర్దుకునేవాణ్ణి. పార్కులో మిత్రులకు ఈ కబుర్లు చెప్పేవాణ్ణి, వాళ్ళు మెచ్చుకునేవారు, నాకు మళ్ళీ ఒక ఉద్యోగం దొరికినట్టుండేది. జీవితానికి ప్రయోజనం అంటారే, అది దొరికిందని గట్టిగా నమ్మాను. అందులో ఆ అబ్బాయి వాటా ఎంత, నా వాటా ఎంత అని ఎన్నడూ లెక్క చూసుకోలేదు.

2018 ఫిబ్రవరిలో మా అమ్మాయి పురుటికి డాలస్ వెళ్ళాం. తెలుగు ఇళ్ళలో దీనికి వివరణ అక్కర్లేదు: అమ్మాయికి నెలలు నిండుతున్నాయంటే అమ్మానాన్నలు ఆవకాయ, కారప్పొడి కట్టుకుని విమానం ఎక్కాలి, ఆరు నెలల అనుమతి అయ్యేదాకా ఉండాలి. బృందంవాళ్ళకు ముందే చెప్పాను. అబ్బాయికి మాత్రం బయలుదేరే ముందటి ఆదివారం, లేచి వెళ్ళిపోతూ చెప్పాను.

"ఎన్ని ఆదివారాలు సార్?"

"కొన్ని," అన్నాను. ముప్పై మూడేళ్ళు రోజులు లెక్కగట్టి వడ్డీ వేసినవాణ్ణి, ఆ ఒక్క అంకె చెప్పలేకపోయాను. ఇరవై అయిదు అయ్యాయి.

డాలస్‌లో మనవణ్ణి భుజం మీద వేసుకుని నిద్రపుచ్చే రాత్రుళ్ళలో ఫోనులో ఈ విషయం మీదే చదివాను. అమెరికాలో ఈ పనికి శతాబ్దం పైబడిన చరిత్ర ఉంది. న్యూయార్క్ బాలల కోర్టులో గుమాస్తాగా ఉన్న ఎర్నెస్ట్ కూల్టర్ 1904లో తన ముందుకు వచ్చే పిల్లలకు ఒక్కొక్క పెద్దమనిషి తోడుండాలని కోరాడు. బిగ్ బ్రదర్స్ అనే ఉద్యమం అక్కడ మొదలైంది. అది కోర్టు గుమాస్తా మొదలుపెట్టినదని చదివి నా మనసు కొంచెం ఉప్పొంగింది. తరువాత చదివినవి దాన్ని దించేశాయి.

మసాచుసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ ఊళ్ళలో రిచర్డ్ కాబట్ అనే వైద్యుడు ఒక పెద్ద ప్రయోగం తలపెట్టాడు. 506 మంది మగపిల్లలను జతలుగా విడదీసి, ప్రతి జతలో ఒకరికి సలహాదారును ఇచ్చారు, రెండోవారిని వారి మానాన వదిలారు. 1939 నుంచి 1945 దాకా ఒక్కొక్కరికి సగటున ఐదేళ్ళకు పైగా ఈ తోడు దొరికింది. ఇళ్ళకు వెళ్ళారు, చదువు చెప్పించారు, వైద్యం చేయించారు, వేసవి శిబిరాలకు పంపారు. ముప్పై ఏళ్ళ తరువాత జోన్ మెక్‌కార్డ్ అనే పరిశోధకురాలు వాళ్ళలో దాదాపు అందరినీ వెతికి పట్టుకుని 1978లో ఫలితం ప్రకటించింది. తోడు దొరికి, ఆమె ప్రశ్నలకు జవాబిచ్చినవారిలో మూడింట రెండొంతుల మంది అది తమకు మేలు చేసిందనే చెప్పారు. రికార్డులు అలా చెప్పలేదు. రెండోసారి నేరం చేయడంలో, తాగుడులో, జబ్బులలో, త్వరగా చనిపోవడంలో ఏ సాయమూ అందనివారి కంటే వీళ్ళ పరిస్థితే అధ్వానంగా ఉంది. వేసవి శిబిరాలకు ఒకటికంటే ఎక్కువసార్లు వెళ్ళినవారికే నష్టం ఎక్కువ జరిగిందని తరువాతి పరిశీలనలో తేలింది. అల్లరి పిల్లలను ఒకచోట చేర్చితే ఒకరి దగ్గర ఒకరు నేర్చుకునేది అల్లరే అన్నది దానికి చెప్పిన కారణాలలో ఒకటి. మేలు చేశామన్న తృప్తీ, మేలు పొందామన్న కృతజ్ఞతా రెండూ నిజమే అయి కూడా, మేలు జరగకపోవచ్చు. ఈ పనిలో దిగేవారెవరైనా తట్టుకోవలసిన మొదటి సంగతి ఇది.

దీనికి ఎదురు సాక్ష్యం కూడా ఉంది. 1995లో, ఆ ఉద్యమం నుంచే ఎదిగిన బిగ్ బ్రదర్స్ బిగ్ సిస్టర్స్ సంస్థ మీద జరిగిన అధ్యయనంలో 959 మంది పిల్లలను పరిశీలించారు; తోడు దొరికినవారు ఏడాదిన్నర కాలంలో మాదకద్రవ్యాలు మొదలుపెట్టే అవకాశం 46 శాతం తక్కువగా కనబడింది. నన్ను నిద్రపోనివ్వనిది అదే సమాచారాన్ని మళ్ళీ తవ్వి గ్రాస్‌మన్, రోడ్స్ అనే ఇద్దరు 2002లో రాసిన వ్యాసం. మెంటరూ పిల్లవాడూ ఏడాది, ఆపైన కలిసి సాగిన జతల్లో పిల్లలకు మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన జతల్లో పిల్లలకు తమ మీద తమకున్న నమ్మకం, చదువుకోగలమన్న ధీమా మునుపటి కంటే తగ్గాయి. అంటే ఆ పెద్దమనిషి అసలు రాకపోయినా బాగుండేది. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్ మధ్యలో మూసేస్తే జరిమానా మూసినవాడే కడతాడు. ఇక్కడ మూసేది ఒకరు, జరిమానా కట్టేది మరొకరు.

ఆగస్టులో తిరిగి వచ్చాను. నేను వెళ్ళిన మూడో వారం నుంచే అబ్బాయి హాలుకు రావడం మానేశాడని, ఏప్రిల్‌లో ఓపెన్ స్కూల్ పరీక్ష రాయలేదని తెలిసింది. షెడ్డుకు వెళ్ళి కలిశాను. నియమం తెలిసీ డాలస్ నుంచి ఒక టీషర్టు తెచ్చాను. అతను దాన్ని విప్పి చూడకుండానే పక్కనున్న చిన్న కుర్రాడికి ఇచ్చేశాడు.

"బండేది సార్?"

"స్టార్ట్ అవడం లేదు, ఆటోలో వచ్చాను."

"ఆర్నెల్లు మూలకు పడేస్తె ఎట్ల స్టార్టయితది?"

అంతకు మించి ఒక్క మాట అనలేదు. ఇంటికి వచ్చి బండి చూస్తానని కూడా అనలేదు. ఆ ఆదివారం పది గంటలకు నేను హాలులో ఒక్కణ్ణే కూర్చున్నాను, తరువాతి ఆదివారం కూడా. ఏడు వారాలు అలా కూర్చున్నాక ఎనిమిదో వారం అతను వచ్చి, ఐదు నిమిషాలు ఉండి, పనుందని వెళ్ళిపోయాడు. ఆ ఏడు ఆదివారాల్లో నాకు ఏ ఆనందమూ లేదు, పార్కులో చెప్పుకోవడానికి ఏ కబురూ లేదు. నేను ఈ పనిని పనిగా చేసింది బహుశా ఆ ఏడు వారాలే.

జీవితానికి అర్థం కావాలని వచ్చేవాడు ప్రతి వారం ఆ అర్థం చేతికి అందాలని చూస్తాడు. పిల్లవాడు మారుతున్నట్టు కనబడాలి, కృతజ్ఞత చూపాలి, చెప్పుకోవడానికి ఒక కథ ఉండాలి. ఆ వయసు పిల్లవాడు, అందులోనూ పెద్దవాళ్ళ మాట తప్పడం పుట్టినప్పటి నుంచి చూసినవాడు, వీటిలో ఏదీ ఇవ్వడు. పైగా మీరు ఎప్పుడు మానేస్తారో తేల్చుకోవడానికి మిమ్మల్ని పరీక్షిస్తాడు. అర్థం కోసం వచ్చినవాడు అక్కడే జారుకుంటాడు. ఒక కంపెనీ వాళ్ళు ఒకసారి ఒకే రంగు టీషర్టులతో ముప్పై మంది వచ్చి, కేకు కోయించి, మీ కలలేమిటో చార్టుల మీద రాయమని, ఫోటోలు తీసుకుని వెళ్ళారు. మళ్ళా వారం వస్తరా అని ఒక పిల్లవాడు అడిగితే, తప్పకుండా అన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నేను డాలస్ వెళుతూ కొన్ని ఆదివారాలు అన్నప్పుడు నాకున్నంత మంచితనం వాళ్ళకూ ఉంది.

రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరాలు కూడా విన్నాను. మొక్కై వంగనిది మానై వంగునా అన్నాడు మా పాత మేనేజరు. పదహారేళ్ళవాడిని మాను అనేవారు తమ ఇంట్లో పదహారేళ్ళ మనవడు ఫోన్ దొంగతనంగా చూస్తే మాత్రం ఇంకా చిన్నపిల్లాడు కదా అంటారు, కాబట్టి ఆ సామెతతో వాదించడం దండగ. ఇదంతా ప్రభుత్వం చేయవలసిన పని, మీవంటివారు చేస్తే దాని బాధ్యత తగ్గిపోతుందన్న వాదం మాత్రం గట్టిది. నేను దాన్ని ఒప్పుకుంటాను. ప్రొబేషన్ ఆఫీసర్ల ఖాళీలు నింపడానికి రిటైరైన బ్యాంకు ఉద్యోగి ప్రత్యామ్నాయం కాడు. పైగా, నావంటి బయటివాడి కంటే బస్తీలోనే పెరిగి నాలుగు మెట్లు ఎక్కిన యువకుడు ఎంతో బాగా పనిచేస్తాడు. శాంతా సిన్హా గారి ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో బాలకార్మికులను బడికి మళ్ళించినప్పుడు ఇంటింటికీ తిరిగింది ఆ ఊళ్ళలోనే తొలి తరం చదువుకున్న యువతీయువకులు. ఆ పనికే ఆమెకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది, 2007లో బాలల హక్కుల జాతీయ కమిషన్‌కు ఆమే తొలి అధ్యక్షురాలయ్యారు. నాకు ఉన్నది వాళ్ళకు లేని ఒకే ఒక్క సరుకు: తీరిక. కాగితం కోసం ఐదోసారి వెళ్ళగల తీరిక.

అబ్బాయి మరుసటి ఏడాది పరీక్ష రాశాడు, లెక్కలు పోయాయి, మళ్ళీ రాసి గట్టెక్కాడు. మధ్యలో ఒకసారి సొల్యూషన్ గుంపు వైపు వెళ్ళి మూడు వారాలు కనబడలేదు. 2020 లాక్‌డౌన్‌లో హాలు మూతపడితే ఆదివారం పది గంటలకు ఫోన్ చేసుకునేవాళ్ళం. చాలాసార్లు ఇద్దరికీ చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, అన్నం తిన్నావా అంటే తిన్న అనేవాడు.

2022లో ఒక సర్వీసు సెంటరులో ఉద్యోగం దొరికింది, దాని దగ్గర ఒక గది చూసుకున్నాడు. తండ్రి లేడు, తల్లి మళ్ళీ ఊరికి వెళ్ళిపోయింది. ఎవరైనా తెలిసిన పెద్దమనిషి వస్తేనే గది ఇస్తానని ఇంటి ఓనరు అన్నాడట. వెళ్ళాను. ఓనరు నన్ను కిందా మీదా చూసి, "ఈ పిల్లగాడు మీకేమైతడు?" అని అడిగాడు. ఏమవుతాడో నాకు తోచలేదు. అబ్బాయి వైపు చూశాను, అతను గ్యాస్ స్టవ్ గొట్టం సరిగ్గా బిగించి ఉందో లేదో చూసుకుంటున్నాడు. "ఐదేండ్ల సంది తెలుసు" అన్నాను. ఓనరు ఆ జవాబును ఒక క్షణం తూచి, నా ఫోన్ నంబరు గోడ మీది క్యాలెండర్‌లో రాసుకున్నాడు. కిరాయి ఐదో తారీఖు దాటితే ముందు మీకే ఫోన్ చేస్తానన్నాడు.

ఇప్పటికి రెండుసార్లు చేశాడు.